కట్టు లేని దెబ్బకు వేపమండ

కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టర్లు ఎవరైనా కలిస్తే నన్ను తప్పకుండా ఒక మాట అడుగుతారు. "స్కానింగ్ లేని ఆస్పత్రిలో తలకు దెబ్బ తగిలిన పిల్లల్ని ఎట్లా చూసేవాళ్ళు మేడం?" అని. అడిగేటప్పుడు వాళ్ళ ముఖంలో కొంచెం జాలి, కొంచెం అనుమానం కనిపిస్తాయి. ఎంతమందిని పైకి పంపించి ఉంటుందో ఈ ముసలామె అన్నట్లు చూస్తారు. మాట్లాడించి చూసేవాళ్ళం నాయనా, అంటాను. అబద్ధం కాదు. కానీ అసలు కష్టం దెబ్బను కనిపెట్టడంలో లేదు, కనిపెట్టిన తర్వాత ఇంట్లోవాళ్ళను నమ్మించడంలో ఉంది. మేము చదివిన పుస్తకాల్లో ఆ అధ్యాయం లేదు. మీ పుస్తకాల్లోనూ ఉండదనే అనుకుంటున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పుట్టింది చింతామణిలో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు. కోపం మాత్రం మూడు భాషల్లోనూ సమానంగా వచ్చేది. బాగేపల్లి సర్కారీ ఆస్పత్రిలో చాలా ఏళ్ళు పనిచేశాను. నా వెనక అక్కడివాళ్ళు నాకు ఏం పేరు పెట్టారో నాకు తెలుసు, దాన్ని ఇక్కడ రాయను.

హైవే పక్కనున్న ఊరు కాబట్టి తలదెబ్బలకు కరువు లేదు. పెద్దవాళ్ళు లారీల కిందా బైకుల మీదా పడి వచ్చేవాళ్ళు. పిల్లల దారులు వేరు. చింతకాయల కోసం చెట్టెక్కి జారినవాడు, శెనక్కాయ మూటల మీద కూర్చుని ట్రాక్టరు మలుపులో కిందపడినవాడు, పరుగు పందెంలో గోడను చూసుకోనివాడు. రక్తం కారుతుంటే ఇంటిల్లిపాదీ వెంట వచ్చేవాళ్ళు. కుట్లు వేసి, తెల్లటి కట్టు కట్టి, ఒక సూది వేసి పంపిస్తే చేతులెత్తి దణ్ణం పెట్టేవాళ్ళు. రక్తం రాని దెబ్బకు మాత్రం ఆ మర్యాద దక్కదు. కట్టు లేదంటే దెబ్బ లేనట్లే లెక్క.

చిక్కబళ్ళాపురం జిల్లా అయిన కొత్తల్లో మాట. అంతకు ముందు ప్రతి పనికీ కోలారు పరిగెత్తేవాళ్ళం. కొత్త జిల్లాకు కొత్త క్రీడాకూట, అంటే బళ్ళ ఆటల పోటీలు, కూడా వచ్చింది. తాలూకా స్థాయిలో గెలిచిన బళ్ళు చిక్కబళ్ళాపురం వెళ్ళి జిల్లా మ్యాచ్ ఆడాలి. మా వైపు ఒక హైస్కూలు ఆడపిల్లలు ఖో-ఖోలో గెలిచారు. వాళ్ళంతా వ్యవసాయం ఇళ్ళ పిల్లలు. కాళ్ళకు బూట్లు లేకుండా ఆడి గెలిచారని ఊళ్ళో అందరూ చెప్పుకుంటుండగా నేనూ విన్నాను.

ఒక మధ్యాహ్నం ఆ బడి పీ.టీ. మేష్ట్రు ఆటోలో ఒక పిల్లను తీసుకొచ్చాడు. మిట్టేమరి పక్క పల్లె పిల్ల, ఎనిమిదో తరగతి. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళ నిండా మట్టితో ఉంది.

"ఏమీ కాలేదు మేడం. ఊరికే చూపించుకొని పోదామని వచ్చినాము" అన్నాడు మేష్ట్రు. ఏమీ కాకపోతే ఆయన చొక్కా అంతగా ఎందుకు తడిసిందో నాకు అర్థం కాలేదు.

జరిగింది ఇది. ప్రాక్టీసులో ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా పరిగెత్తి తలలు గుద్దుకున్నారు. రెండో పిల్లకు నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది. అందరూ ఆ పిల్ల చుట్టూ మూగి మంచినీళ్ళు, ఐసుగడ్డ అంటూ హడావుడి పడ్డారు. ఈ పిల్ల కాసేపు కింద కూర్చుని, తనంతట తనే లేచి, ఆట మళ్ళీ మొదలవగానే తన పక్షం వాళ్ళనే తరుముకుంటూ వెళ్ళిందట. చూసినవాళ్ళు పగలబడి నవ్వారు. ఆటోలో వాంతి చేసుకున్న తర్వాతే మేష్ట్రుకు నవ్వు ఆగిపోయింది.

మంచం మీద కూర్చోబెట్టగానే ఆ పిల్ల నన్ను అడిగింది. "మేడం, నేను ఔటైనానా?"

"లేదు పాపా, కాలేదు."

కళ్ళలో టార్చి వేసి చూశాను. వెలుతురు పడగానే ముఖం తిప్పుకుంది. చేతులూ కాళ్ళూ ఆడించమంటే ఆడించింది. నాడి బాగానే ఉంది. పేరు చెప్పింది, ఊరు చెప్పింది. పొద్దున ఏం తిన్నావంటే నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది. నెలల పేర్లు వెనక నుంచి చెప్పమంటే డిసెంబరు అని, నవంబరు అని, మళ్ళీ డిసెంబరు అంది. తర్వాత నా ముఖంలోకి చూసి, మొదటిసారి అడుగుతున్నట్లే అడిగింది. "మేడం, నేను ఔటైనానా?"

మా క్యాజువాలిటీ సిస్టర్ మలెనాడు నుంచి వచ్చినామె, నాకంటే పెద్దది. మొదటిసారి ఆ ప్రశ్న విని నవ్వింది. ఆ తర్వాత నవ్వలేదు. ఎవరూ చెప్పకుండానే మంచాన్ని కిటికీ దగ్గర నుంచి చీకటి మూలకు జరిపించింది.

పుర్రె బాగానే ఉంది. లోపల మెదడు అదిరింది. ఇట్లాంటి పిల్లల్లో ఎక్కువమంది వాళ్ళంతట వాళ్ళే కోలుకుంటారు. మనం కాచుకోవాల్సింది రెండే. లోపల రక్తం కారే సూచనలు ఉన్నాయా అన్నది ఒకటి. అవి కనిపిస్తే ఆలోచించకుండా బెంగళూరు పంపించాలి. రెండోది, మెదడు కుదురుకునే లోపల ఇంకో దెబ్బ తగలకూడదు. నేను బెంగళూరులో చదువుకునేటప్పుడు ఒక ఫుట్‌బాల్ ఆడే కుర్రాణ్ణి చూశాను. మొదటి దెబ్బ తగిలి వారం తిరగకుండానే మైదానంలోకి దిగాడు. రెండో దెబ్బ చిన్నదే. ఆ అబ్బాయి మళ్ళీ కళ్ళు తెరవలేదు. వాళ్ళమ్మ వార్డు బయట అతని ఆట చొక్కాను మడతపెడుతూ కూర్చుని ఉండేది. తలదెబ్బ తగిలిన పిల్లలు వచ్చినప్పుడల్లా నాకు ఆమె గుర్తొస్తుంది.

సాయంత్రం దాకా పిల్లను మా కళ్ళ ముందే ఉంచుకున్నాం. ఈలోగా ఊరి నుంచి అవ్వ వచ్చింది. పిల్లకు అమ్మానాన్నలు ఉన్నారు కానీ ఆ ఇంట్లో చెల్లేది అవ్వ మాటే. రాగానే మనవరాలి చెంపలు తట్టడం మొదలుపెట్టింది.

"పండుకోవద్దే పాపా! తలకు తగిలినప్పుడు పండుకుంటే మళ్ళీ లేయరు."

"పండుకోనీ అవ్వా. నడుమ నడుమ మేము లేపి చూస్తాండాము" అన్నాను.

"లేయకుంటే?"

"లేయకుంటే అప్పుడు నన్ను తిట్టు."

పొద్దు వాలేసరికి పిల్ల ఆ ప్రశ్న అడగడం మానేసింది. అవ్వను గుర్తుపట్టింది, పొద్దున తిన్నది రాగి సంగటి అని చెప్పింది. వాంతులు మళ్ళీ కాలేదు. బెంగళూరు పంపాల్సిన పని లేదని తేల్చుకున్నాను. నా లెక్కలో గండం గడిచింది. అసలు గండం అప్పుడే మొదలవుతోందని నాకు తెలియలేదు.

"మరి కట్టు?" అంది అవ్వ.

"అక్కర్లేదు."

"సూది?"

"అదీ అక్కర్లేదు."

"ఏమమ్మా, ఇంత దూరం వస్తిమి, మాత్రలన్నా ఇయ్యవా?"

నొప్పికి మాత్రలు ఇచ్చాను. పిల్లను కదలనీయకుండా ఇంట్లో పెట్టుకోమన్నాను. చదువు వద్దు, టీవీ వద్దు, ఎండ వద్దు, పని చెప్పొద్దు, పరుగు అసలే వద్దు. ఏ సూచనలు కనిపిస్తే వెంటనే తీసుకురావాలో రెండుసార్లు చెప్పాను. మేష్ట్రు గొంతు సవరించుకున్నాడు.

"మేడం, వచ్చే వారం జిల్లా మ్యాచి ఉండాది. ఈ పాప లేకుంటే మా టీము లేదు."

"ఈ పాప ఆడదు."

"నడుస్తాండాది, మాట్లాడతాండాది గదా మేడం..."

ఆ బెంగళూరు కుర్రాడి సంగతి చెప్పాను. మేష్ట్రు మంచివాడు, మళ్ళీ నోరెత్తలేదు. నోరెత్తింది పిల్లే. గోడవైపు తిరిగి పడుకుని, "వచ్చే ఏడు నన్ను ఆడనీరు మేడం. ఇదే ఆఖరు" అంది.

అవ్వ వైపు చూశాను. ఆమె దాచుకోలేదు. "పెద్దమనిషయ్యే ఈడు గదమ్మా. అయినాక చెడ్డీ వేసుకొని నలుగురిలో దుమికేదానికి యాడ కుదురుతాది? ఈ ఏడు చాలని నేనే చెప్పినా" అంది. ఆమె మాటలో దుర్మార్గం ఏమీ లేదు, బెంగే ఉంది. కానీ ఆ పిల్లకు దొరికిన ఒకే ఒక్క పండగను నేను లాక్కుంటున్నానని అప్పుడు తెలిసింది. అయినా వద్దనే అన్నాను.

నాలుగైదు రోజులకు పిల్ల మళ్ళీ వచ్చింది, ముందుకంటే అధ్వానంగా. తలనొప్పి, తల తిప్పు, చప్పుడు వింటే ఏడుపు. లోపల రక్తం కారే సూచనలు లేవు, అంతవరకు బతికిపోయాం. విచారిస్తే ఒక్కొక్కటీ బయటపడింది. బడికి పంపించారు. బోరింగు నీళ్ళు మోయించారు. చిన్న మనవడు టీవీ కట్టేయనే లేదు. చుట్టాలు వరసగా వచ్చి పలకరించి, ప్రతి ఒక్కరూ తల నిమిరి, ఎట్లా పడ్డావో చెప్పమన్నారు. పిల్ల కూడా తక్కువ తినలేదు, పెరట్లో దొంగతనంగా పరుగు ప్రాక్టీసు చేసింది.

నాకు కోపం నషాళానికి అంటింది. అవ్వను పట్టుకుని కడిగేశాను. ఆమె అంతా విని, తొణక్కుండా జవాబిచ్చింది.

"నువ్వు ఊరికే అరిస్తే ఎట్లమ్మా? బిడ్డ గుండ్రాయి మాదిరి ఉండాది. రగతం లేదు, కట్టు లేదు, జరం లేదు. పనుల కాలంలో పగలంతా పండుకోబెడితే జనం ఏమంటారు? బిడ్డ సోమరి, అవ్వ మురిపెం చేస్తాండాది అంటారు. ఎవరి నోరని మూసేది?"

"చూడవ్వా, కుండలో పెరుగు ఉంటుంది. కుండకు దెబ్బ తగిలింది. కుండ పగల్లేదు గానీ లోపల పెరుగు కదిలిపోయింది. మళ్ళీ గడ్డ కట్టేదాకా కదిలించకూడదు."

"కదిలిన పెరుగు మళ్ళీ గడ్డ కట్టేది నేను యాడా చూడలేదమ్మా" అంది అవ్వ.

సిస్టర్ అటు తిరిగి దూది సర్దుకోవడం మొదలుపెట్టింది. నా ఉపమానం అక్కడితో విరిగింది. ఎత్తిపొడుపుగా ఒక మాట అన్నాను. "అదే అమ్మవారు పోసుంటే ఏం చేసేదానివి? అప్పుడూ నీళ్ళు మోయించేదానివా?"

అమ్మవారంటే మా వైపు ఆటలమ్మ, తట్టు లాంటివి. అవ్వ ఆ మాటలోని ఎత్తిపొడుపును పట్టించుకోలేదు. అడిగాను కాబట్టి చెప్పాలన్నట్లు చెప్పింది.

"అమ్మ పోస్తే అట్లెట్ల చేస్తామమ్మా? గుమ్మానికి వేపమండ కడతాము. చీకటింట్లో పండుకోబెడతాము. ఇంట్లో గట్టిగా మాట్లాడము, తిరగవాత వేయము. బయటోళ్ళు గడప తొక్కరు. బిడ్డకు పని చెప్పము, తిట్టము, పేరు పెట్టి కూడా పిలవము. బిడ్డ నోట ఆ తల్లి ఏమడిగితే అది ఇస్తాము, కాదనము. తగ్గినాక వేపాకు నీళ్ళు మూడు తూర్లు పోస్తాము, ఆ మూడు నీళ్ళు పోసేదాకా వీధి దాటనీము."

వింటూ వింటూ నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. చీకటి, నిశ్శబ్దం, ఘాటు వాసన లేకపోవడం, జనం రాకపోవడం, పని చెప్పకపోవడం. ఆ రోజు నేను చెప్పిందంతా ఇందులో ఉంది. నేను చెప్తే ఎవరూ చేయలేదు, వేపమండ చెప్తే ఊరంతా చేస్తుంది.

"అవ్వా, ఇదంతా చెయ్యి."

"ఏమంటాండావమ్మా? అమ్మ పోయకుండానే పోసిందని చెప్పేదా? ఆ తల్లితో ఆటలా? కండ్లు పోతాయి!"

"పోసిందని చెప్పమనలేదు. ఆ పథ్యం చెయ్యమంటాండా, అంతే."

ఆమె లేచి పిల్ల చెయ్యి పట్టుకుంది. "గుళ్ళో గంగమ్మను అడిగి చూస్తా. వద్దనకుంటే చేస్తా" అని పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది. గంగమ్మ ఏమన్నదో నాకు ఎవరూ చెప్పలేదు. కానీ ఒకటి రెండు రోజులకే తెలిసిపోయింది, తాలూకా ఆరోగ్యాధికారి ఫోన్ రూపంలో.

"ఏమ్మా, మిట్టేమరి పక్కన ఆటలమ్మ కేసు ఉండాదంట. మీ దగ్గర చూపించుకొని పోయినారంట. రిపోర్టు ఏంటికి రాలేదు?"

ఆ పల్లెకు వెళ్ళిన ఆరోగ్య సహాయకురాలు గుమ్మానికి వేపమండ చూసి, నిబంధన ప్రకారం పైకి తెలియజేసింది. ఆమె తప్పేమీ లేదు. జీపు, మందుల పెట్టె, నలుగురు సిబ్బంది బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారు.

"ఆటలమ్మ కాదు సార్. తలదెబ్బ" అన్నాను.

"తలదెబ్బకు వేపాకు కట్టేది ఎవరు చెప్పినారు?"

మూఢనమ్మకాలు మానుకోండని అంతకు ముందు ఆయన ఏర్పాటు చేసిన సభల్లోనే మైకు పట్టుకుని గంటలు గంటలు చెప్పినదాన్ని నేను. "నేనే సార్" అన్నాను. ఆయన "సరే, జీపు ఆపుతాను. ఈ సంగతి మాత్రం ఇంకెవరి దగ్గరా అనొద్దు" అని పెట్టేశాడు. ఆయన మాట ఇన్నాళ్ళూ నిలబెట్టాను. ఇప్పుడు ఇద్దరమూ రిటైరయ్యాం కాబట్టి పరవాలేదు.

అసలు రోజు జిల్లా మ్యాచ్ రోజు. ఆ మధ్యాహ్నం అవ్వ ఒక్కతే ఆస్పత్రికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పిల్లకు ఏమైందోనని నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏమీ కాలేదు, పండుకోనుండాది" అని కూర్చుంది. తర్వాత చెప్పింది. 

"పొద్దున్నే నేను పేడకళ్ళు ఎత్తేదానికి పోయింటి. అంతలో ఆటబట్టలు వేసుకొని పరిగెత్తిందమ్మా, బస్సు కాడికి. చిక్కబళ్ళాపురం పోవల్లనంట. బస్సులో ఉండే ఆడోళ్ళంతా చూసినారు. మా ఇంటికి వేపమండ ఉండేది ఊరికంతా తెలుసు గదా. ఏమే, మూడు నీళ్ళు పోయకుండా అమ్మ ఊరు దాటుతాండాదే అని అందరూ దిగేసినారు. కండక్టరు ఎక్కనిచ్చేదే లేదన్నాడు."

"పాప ఏమంది?"

"ఏమంటాది? నాకు అమ్మ పోయలేదు, తలకాయకు దెబ్బ తగిలింది, మా అవ్వా డాక్టరమ్మా కూడబలుక్కున్యారు అని ఒకటే అరుపు. చూడండి, ఒళ్ళంతా చూడండి, ఒక్క పొక్కన్నా ఉండాదా అని చేతులు చూపించింది."

"మరి వాళ్ళు?"

"పొక్కు బయటికి రాలేదంటే లోపల పోసినాది, లోపలి అమ్మ ఇంకా ఉగ్రం అన్యారు. బిడ్డ కాదు అరిచేది, అమ్మే అరిపిస్తాండాది అని కాళ్ళకు నీళ్ళు పోసి దణ్ణం పెట్టినారు. బస్సు పోయినాది. అప్పుడు బిడ్డ ఆడనే మట్టిలో కూలబడి..."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ముందు నవ్వు వచ్చింది, తర్వాత నవ్వినందుకు సిగ్గు వేసింది. నిజం చెప్పేది ఆ వీధిలో ఆ పిల్ల ఒక్కతే. ఆమె ఎంత నిజం చెప్తే వాళ్ళు అంత వంగి దణ్ణం పెట్టారు. పాపం, ఎవరితో చెప్పుకుంటుంది? బస్సు దాకా పరిగెత్తినందుకే కళ్ళు తిరిగి, ఇంటికి ఎత్తుకుని రావాల్సి వచ్చిందని కూడా అవ్వ చెప్పింది. మైదానంలో ఆ కళ్ళు తిరిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. అందుకే ఇప్పటికీ ఆ పని చేసినందుకు నేను బాధపడను. కానీ ఆ పిల్ల మట్టిలో కూర్చుని ఉన్న దృశ్యం నేను చూడకపోయినా నా కళ్ళలోంచి పోదు.

మరుసటి రోజు మేష్ట్రు వచ్చాడు. "ఓడిపోయినాము మేడం" అన్నాడు. నన్ను తప్పు పట్టలేదు. "పాప ఎట్లుండాది?" అని అడిగి, పిల్లలందరికీ చిక్కబళ్ళాపురంలో ఇచ్చిన బిస్కెట్ పొట్లాల్లో ఆమె కోసం దాచిన పొట్లాన్ని అవ్వకు ఇచ్చి పంపమని నా టేబుల్ మీద పెట్టి వెళ్ళాడు.

ఇంక ఆ పిల్ల ఎక్కడికీ పరిగెత్తలేదు. పరిగెత్తడానికి ఏమీ మిగల్లేదు. వేపమండ వెనక చీకట్లో మెల్లగా కుదురుకుంది. మీరు ఇప్పుడు అన్నన్ని రోజులు చీకటి గదిలో పెట్టకూడదంటారు, ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇచ్చి మెల్లమెల్లగా నడిపించాలంటారు. మీదే సరైన మాట. మాకు అప్పుడు తెలిసింది అంతే.

మూడో నీళ్ళ రోజు నన్ను రమ్మని అవ్వ కబురు పంపింది. నీళ్ళు పోస్తే పథ్యం అయిపోతుంది, పిల్లను బయటికి వదిలేయాలి. తల కుదురుకుందో లేదో చెప్పాల్సింది నేను. బస్సు దిగి వెళ్ళేసరికి వాకిట్లో వీధి ఆడవాళ్ళంతా చేరి ఉన్నారు. ఎండలో పెట్టిన నీళ్ళ కొప్పెరలో వేపాకూ పసుపూ తేలుతున్నాయి.

ముందు నేను లోపలికి వెళ్ళాను. పిల్ల నా వైపు చూడలేదు. అడిగినదానికి జవాబు మాత్రం చెప్పింది. తలనొప్పి లేదు. వెలుతురుకు ముఖం తిప్పుకోలేదు. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంటే కొంగలా నిలబడింది. నెలలు వెనక నుంచి చెప్పమంటే, డిసెంబరు నుంచి జనవరి దాకా ఎక్కడా తడబడకుండా గబగబా అప్పజెప్పి, "చాలునా?" అంది. మెదడు కుదురుకుందని ఎట్లా తెలుస్తుందని మీరు అడుగుతారు కదా, కొంత ఇట్లా తెలుస్తుంది. కోపం స్పష్టంగా ఉండటం కూడా మంచి సూచనే.

"బాగుంది అవ్వా. పోయి నీళ్ళు పోయండి" అన్నాను.

వాకిట్లో పీట వేసి కూర్చోబెట్టి నీళ్ళు పోశారు. పసుపు నీళ్ళు కారుతుండగా, వాళ్ళందరిలోకీ పెద్దావిడ ఆనవాయితీ ప్రకారం చేతులు జోడించి అడిగింది. "పోయొస్తావా తల్లీ? బిడ్డను సల్లగా చూస్తివి. నీకేమన్నా కావల్నా?"

మామూలుగా దీనికి జవాబు ఉండదు. పిల్లలు సిగ్గుపడి తల వంచుకుంటారు, లేకపోతే బెల్లం అడుగుతారు. ఈ పిల్ల తల ఎత్తింది. ముఖం మీది నీళ్ళు తుడుచుకుంది. గట్టిగా, వీధి చివర దాకా వినపడేటట్లు చెప్పింది.

"ఈ బిడ్డను ఆడనీయాల. వచ్చే ఏడూ ఆడనీయాల. పెద్దమనిషైనా ఆడనీయాల."

అవ్వ చేతిలో చెంబు అట్లాగే ఆగింది. అమ్మవారు పోయలేదని ఆ వాకిట్లో తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఆ పిల్ల, అవ్వ, నేను. అవ్వ నా వైపు చూసింది. ఆ ఒక్క మాట అంటే చాలు, అంతా తేలిపోతుంది. కానీ అంటే వేపమండ అబద్ధమని కూడా తేలిపోతుంది. నాకు సరిగ్గా అప్పుడే స్టెతస్కోపు మడిచి సంచిలో పెట్టుకోవాల్సిన అవసరం వచ్చింది.

"అమ్మ అడుగుతాంది, ఊ అనవేమే?" అని పెద్దావిడ అవ్వను గదమాయించింది.

అవ్వ చెంబు కింద పెట్టింది. రెండు చేతులూ జోడించింది. "సరే తల్లీ" అంది.

ఆ మాట అవ్వ తప్పలేదు. మరుసటి ఏడూ, ఆ పై ఏడూ ఆ పిల్ల ఆడింది. అమ్మవారికి ఇచ్చిన మాట కాబట్టి ఊళ్ళో ఎవరూ నోరెత్తలేదు.

నీళ్ళు పోసిన ఆ రోజు నన్ను బస్సు దాకా సాగనంపడానికి అవ్వ వెంట వచ్చింది. బస్సు కనిపించిన తర్వాత ఆగి, నా కళ్ళలోకి చూసి అడిగింది.

"నిజం చెప్పమ్మా. ఆ మాట నువ్వు నేర్పించినావా?"

"లేదవ్వా. గంగమ్మ మీద ఒట్టు" అన్నాను. నా జన్మలో నేను దేవత మీద ఒట్టు పెట్టింది ఆ ఒక్కసారే.

అవ్వ ఊపిరి వదిలింది.

"అట్లయితే బిడ్డ తలకాయ నిజంగానే బాగైపోయినాది, పో" అంది.